ఎలుగుబంటి మీద నెట్టిన నింద

రష్యా ఈశాన్యపు కొసన, మంచు సముద్రం ఒడ్డున చుక్చీ తెగవాళ్ల ఊరు ఒకటుంది. ముసలమ్మ రుల్తీనా పుట్టిందీ, పెళ్లాడిందీ, మొగుణ్ణి సముద్రంలో పోగొట్టుకుందీ ఆ ఒక్క ఊళ్లోనే. సముద్రం మీద మంచు దూరమైపోయినప్పటి నుంచి, చలి మొదలయ్యే వేళకు పొడుగాటి కోరలుండే భారీ సముద్ర జంతువులు, వాల్రస్‌లు, వేలకొద్దీ పిల్లల్ని వెంటేసుకుని ఊరి పక్క ఒడ్డుకు చేరుతున్నాయి. అవి ఉన్నన్నాళ్లూ, బెదరకుండా, ఊళ్లో కుక్కల మూతులు కట్టేస్తారు, తుపాకీ ముట్టరు. రుల్తీనా కొండ మీద బోర్లా పడుకుని వాటిని లెక్కపెట్టి, పరిశోధన కేంద్రం ఇచ్చిన పుస్తకంలో రాస్తుంది. ఎనిమిదేళ్లుగా అదే ఆమె ఉద్యోగం.

ఆ ఏడు కేంద్రం వాళ్ల హెలికాప్టరే మంద మీదుగా బాగా కిందికి వచ్చింది. మంద బెదిరి నీళ్లలోకి ఉరికింది. పెద్దవాటి బరువు కింద పిల్లలు నలిగిపోయాయి. రుల్తీనా ఒక్కొక్కదాన్నీ చేత్తో తాకి, ఏడుస్తూ లెక్కపెట్టింది. నూట ముప్పై ఏడు. కారణం దగ్గర 'హెలికాప్టర్' అని రాసింది.

వారం తర్వాత కేంద్రం నుంచి వదీమ్ అనే కుర్రాడు నివేదిక పట్టుకొచ్చాడు. అందులో కారణం 'ఎలుగుబంటి'. కింద లెక్కపెట్టిన రుల్తీనా సంతకం కావాలట.

"సంతకం పెట్టెయ్ వదినా," అన్నాడు మరిది కెమ్లిల్. అతనే ఊరి పెద్ద. "లేకపోతే కొండ మీది నీ కాపలా గుడిసెకి కేంద్రం ఇచ్చే కిరోసిన్ కూడా రాదు. ఎలుగుబంటేమన్నా వచ్చి కాదంటుందా?"

"నువ్వు నోర్ముయ్యి. ఏం బాబూ వదీమ్, మీ ఊళ్లో ఎలుగుబంట్లు ఎగురుతాయా?"

వదీమ్ తల దించుకున్నాడు. "నేను చిన్న ఉద్యోగినమ్మా. పైవాళ్లు రాయమన్నారు."

"అయితే సంతకం వాళ్లనే పెట్టుకోమను."

ఉద్యోగం పోయింది, కిరోసిన్ ఆగిపోయింది. పుస్తకం ఇచ్చెయ్యమంటే మాత్రం ఆమె ఇవ్వలేదు.

మరుసటి ఏడు మంద రాకముందే, హెలికాప్టర్ దిగే చోట ఊరి ఆడవాళ్లు తిమింగలం దవడ ఎముకలు అడ్డంగా పడేశారు. బరువైనవాటికి, సణుక్కుంటూనే, కెమ్లిల్ కూడా ఓ చెయ్యి వేశాడు. మంద వచ్చింది. రుల్తీనా జీతం లేకుండానే కొండెక్కింది.

కొన్నాళ్లకు వదీమ్, హెలికాప్టర్ దిగే వీల్లేక, పక్క ఊరి నుంచి రోజంతా నడిచి, చివర పాక్కుంటూ ఆమె పక్కకు చేరాడు. ఈ ఏటి లెక్క లేకపోతే ఎనిమిదేళ్ల పరిశోధనా మధ్యలో తెగిపోతుందట.

"లెక్క ఇవ్వమ్మా," అని గుసగుసగా బతిమాలాడు.

ఆమె నిరుటి పేజీ తీసి ముందు పెట్టింది. "ఈ హెలికాప్టర్ మాట కింద నీ పేరు రాయి. అప్పుడిస్తాను."

"నా ఉద్యోగం పోతుంది."

"నాది పోయింది. చచ్చానా?"

కింద ఓ వాల్రస్ పిల్ల తల్లి వీపు మీదికి ఎక్కబోయి జారి, మళ్లీ ఎక్కుతోంది. వదీమ్ చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత చేతి తొడుగు పళ్లతో లాగి, పెన్సిల్ అందుకున్నాడు.