అలారో అవ్వ పేలికల వేట

నైజీరియాలోని అబెఒకుటాలో ఏ ఇంట బిడ్డ పుట్టినా, అలారో అవ్వ ఒక బట్ట పేరు పెట్టి గాని ఊరుకునేది కాదు. ఆమె నీలిమందు అద్దకాల మనిషి, మోచేతుల దాకా నీలమే. ఎనిమిదో రోజు నామకరణానికి చుట్టాలు తలా ఒక పేరు పెడతారు. అవ్వ కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి తన అద్దకాల్లోంచి ఒకటి పెట్టేది. ఆఖరికి ఆ పేరే నిలిచేది.

దర్జీ కొడుక్కి ఒషుబంబా అని పెట్టింది. అది పెద్ద చందమామల అద్దకం.

“మావాడి తల మీద వెటకారమా అవ్వా?” అన్నాడు దర్జీ.

“గుండ్రంగా ఉంటే నేనేం చేసేదిరా? పేరు అబద్ధం కాకూడదు.”

ఆ ఒక్క పట్టింపు ఆమెకి ప్రాణం. ‘ఇబాడన్ బాగుంటుంది’ అనే అద్దకం పేరు ఒక పిల్లకి పెట్టాలనుకుని, ముందు తనే బస్సెక్కి ఇబాడన్ వెళ్లింది. రెండు రోజులు అమలా ముద్దలు కడుపునిండా మింగొచ్చి, “నిజమే. పెట్టుకోండి” అంది.

అదే వీధిలో ఉండే అసాబికి మాత్రం అవ్వంటే హడల్. ఆమె మొదటి ఇద్దరు బిడ్డలకీ అవ్వ ముచ్చటైన బట్టల పేర్లే పెట్టింది. ఇద్దరూ ఏడాది తిరక్కుండా పోయారు. మూడోవాడు పుట్టగానే అసాబి మొగుడికి చెప్పేసింది.

“ఆవిణ్ణి గడప తొక్కనివ్వకు. అందమైన పేరు వింటే చావుక్కూడా ముచ్చటేస్తుందేమో.”

అవ్వ అసలు రానేలేదు. అసాబికి అదే ఇంకా భయమేసింది. ఆ వారమంతా ఆమె గంప పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పేలికలు ఏరుకుపోయింది. మసిగుడ్డలు, కాళ్లు తుడుచుకునే గుడ్డలు, ఏదీ వదల్లేదు. ఇప్పుడు నడివయసుకొచ్చిన ఒషుబంబా తన బట్టతల తుడుచుకునే ముక్క కూడా లాక్కుంది.

“అవ్వా, వేడి కుండ దేంతో దించుకోను?” అని ఒకావిడ లబోదిబోమంది.

“చల్లారాక దించుకో.”

వీధంతా నవ్వింది, అసాబి తప్ప. ఆ వాడలో పసిబిడ్డ పోతే పాత పేలికలోనే చుట్టి పూడుస్తారు. ఏడో రోజు అవ్వ ఆమె గుమ్మం ముందే గంప దించింది.

“అసాబీ, పేలికలన్నీ ఇయ్యి. ఒక్కటి కూడా దాచకు.”

అసాబి బిడ్డని గుండెకి అదుముకుంది. “ఎవరికోసం అవ్వా?”

“నీ కొడుక్కే.”

 అసాబి మొగుడు తెచ్చిచ్చిన గుడ్డలు గంపలో వేసుకుని అవ్వ చక్కాపోయింది. అసాబి ఆ పూటంతా బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి ఆడుతోందో లేదో చూసుకుంటూ కూర్చుంది.

ఎనిమిదో రోజు అవ్వ పిలవకుండానే వచ్చింది. అసాబి అడ్డుపడేలోపే అనేసింది.

“వీడు అకిసాతాన్.”

‘పేలికలు అయిపోయాయి’ అని దానర్థం. అందరూ గతుక్కుమన్నారు.

“చుట్టడానికి గుడ్డ లేదు. ఇహ చావు వీణ్ణెలా పట్టుకుపోతుందో చూస్తా!” అంది అవ్వ, గుమ్మంలో నిలబడ్డ ఎవరినో బెదిరిస్తున్నట్టు.

“ఊళ్లో పేలికలకి కరువా?” అన్నాడు ఒషుబంబా.

“ఈ వీధిలో ఒక్కటి తెచ్చి చూపించరా!”

అవ్వ గంపలోంచి ఒక పెద్ద బట్ట తీసి విప్పింది. వీధి పేలికలన్నీ ఉతికి, ముక్కకి ముక్క కుట్టి, నీలికుండలో ముంచిన దుప్పటి అది. ఆమె వేళ్ల నిండా సూదిపోట్లు.

“వీపున కట్టుకో వీణ్ణి. మొదటి ఇద్దరికీ నాకీ తెలివి లేకపోయిందమ్మా” అంది.

అసాబి ఆమె ముందు మోకరిల్లింది. సరిగ్గా అప్పుడే ఒషుబంబా చేతుల్లో ఉన్న అకిసాతాన్ అతని కొత్త అంగీ మీద ధారగా పోశాడు.

“గుడ్డ! ఎవరైనా గుడ్డ ఇవ్వండి!”

వీధిలో ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. అందరికంటే ముందు నవ్వింది అసాబి.

అకిసాతాన్‌కి ఇప్పుడు పదకొండేళ్లు. వారానికి మూడు చొక్కాలు చింపుకొస్తాడు. అసాబి ఈనాటికీ సూదీ దారం పట్టుకుని వెంటపడుతూనే ఉంది.

“ఒరేయ్ ఆగరా! అది పేలికయ్యేలోపు కుట్టనీరా!”