సుగుణక్క తిప్పని పేజీ

దగ్గు మందు సీసా మీది లేబుల్ తడికి ఊడి నా వేలికి అంటుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే అదే జిగురు వాసన. ఆ వాసన తగిలితే నాకు ఇప్పటికీ సుగుణక్క గొంతు వినిపిస్తుంది.

తొంభైల మొదట్లో నాచారంలో ఒక మందుల కంపెనీలో మేం సీసాలకు లేబుళ్ళు అంటించేవాళ్ళం. మా బల్ల దగ్గర చదువు వచ్చింది సుగుణక్క ఒక్కదానికే. ఉప్పల్‌లో ఉండేది. ఆదివారం చర్చిలో బైబిలు, మిగతా రోజులు మాకు అద్దె నవలలు చదివేది. ఆమె చదువుతుంటే ఆమె వాటా సీసాలకు మేం అంటించాలి, అదీ ఒప్పందం.

ఒక నవలలో ఒకే వాడలో కలిసి పెరిగిన పిల్లా, పిల్లగాడూ. పెళ్ళి చేసుకోవాలనుకుంటారు, అంతలో పిల్లగానికి పెద్ద జబ్బు. ఆ కథ వింటూ మా రాజమణి చేతిలో సీసా మరిచిపోయేది. ఆమె మొగుడు ఆమెకు మేనబావ, చిన్నప్పుడు ఇద్దరూ కలిసి మేకలు కాసినవాళ్ళు. అప్పుడతను రెండు నెలలుగా దవాఖానలో ఉన్నాడు. రోజూ అడిగేది, "అక్కా, ఆ పిలగాడు బతుకుతడా?" అని.

చివరి రోజు సుగుణక్క, పిల్లగాడు లేచి తిరిగాడని, పెళ్ళి కూడా అయిందని చదివింది. రాజమణి కళ్ళు తుడుచుకొని దవాఖానకు బస్సెక్కింది.

నాకప్పటికి నలభై దగ్గరపడ్డాయి. పాడైన లేబుళ్ళ వెనక సుగుణక్క రాసిచ్చిన అక్షరాలు దిద్దుతూ అప్పుడప్పుడే చదువు పట్టుబడుతోంది. సొంతంగా చదివే మొదటి పుస్తకం అదే కావాలని అద్దెకు తెచ్చుకున్నాను. కూడబలుక్కుంటూ చదివితే నెలన్నర పట్టింది. తీరా చూస్తే ఆఖరికి పిల్లగాడు చచ్చిపోయాడు.

నేను ముఖం మీదే అనేసే మనిషిని. "మమ్మల్ని ఎడ్డోళ్ళను జేసినవు గదా అక్కా" అన్నాను మరునాడు.

ఆమె జిగురు కలుపుతూనే, "రాజమణి ఎదురుంగ కూసుంది. దాని మొఖం జూసినంక నాకు నోరు రాలే" అంది.

రాసింది రాసినట్టు చదవాలని నేను గట్టిగానే వాదించాను.

"అయితె నువ్వే సదివి వినిపియ్యి. నీకిప్పుడు వస్తది గదా" అంది.

రాజమణికి చెబుదామని రెండుసార్లు లేచాను, రెండుసార్లూ కూర్చున్నాను.

ఆ ఎండాకాలం ఆమె మొగుడు పోయాడు. సుగుణక్క పని మానేసి నాగారం వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకు పనిలోకి వచ్చిన రాజమణి, ఆ పుస్తకమే మళ్ళీ తెచ్చి చదవమంది. రోజూ కొంచెం కొంచెం చదివాను. చివరి పేజీల దగ్గరికి వచ్చేసరికి నా నోరు ఆగిపోయింది. సుగుణక్క చెప్పిన పెళ్ళే నాలుక చివరికి వచ్చింది.

రాజమణి నా వాటా సీసాకు లేబుల్ రుద్దుతూ, తల ఎత్తకుండానే అంది: "ఆ దినం సుగుణక్క పేజీ తిప్పలే. నేను జూస్తనే ఉన్న. అప్పుడు నాకు గట్లనే గావాలె. ఇప్పుడు ఉన్నది సదువు."

చదివాను. ఒక్కో మాట కింద వేలు పెట్టుకుంటూ పోయాను. రాజమణి తొందరపెట్టలేదు.

ఈ సంగతి సుగుణక్కకు చెప్పే వీలు నాకు మళ్ళీ దొరకలేదు. ఇప్పుడు మా గల్లీలో చదువురానివాళ్ళు దవాఖాన కాగితాలు వచ్చినా, ఊరి నుంచి జాబు వచ్చినా నా దగ్గరికే తెస్తారు. ఉన్నదే చదువుతాను, ఒక్క ముక్క మార్చను. కానీ మడత విప్పే ముందు, తెచ్చిన మనిషి ముఖం చూస్తాను. కూర్చోబెట్టి నీళ్ళిస్తాను. ఆ గ్లాసు కింద పెట్టాకే చదవడం మొదలుపెడతాను.