కోదాడలో నీళ్ళ ఖర్చు

మాది శ్రీకాకుళం. మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో పని ముగించుకుని కోదాడ వచ్చి, బస్టాండు ఎదుట ఒక బండి దగ్గర నూడుల్స్ తిన్నాను. బండి నడిపే తేజ్ నేపాల్ నుంచి వచ్చి రెండేళ్ళయిందట. ఖర్చులకు భయపడి భార్యను అక్కడే ఉంచాడు. తెలుగు మాత్రం ఇక్కడివాళ్ళలాగే మాట్లాడుతున్నాడు.

దేనికంత ఖర్చని అడిగాను. కిరాయి అంటాడనుకున్నాను.

"కిరాయి ఏడైనా ఉంటది సార్. నీళ్ళు కొనుడే నాకు కొత్త. మా ఊర్ల కొండ మీదికెల్లి పైపుల వస్తయి, ఎవరూ అమ్మరు. పైసలు తక్కువ పంపుతున్నవేందని నా భార్య అడిగితే, నీళ్ళకు అయితున్నయని చెప్పిన. నేను తాగుడు మొదలుపెట్టిన అనుకుంటున్నది."

పెద్దమనిషిలా కనిపించానేమో, నన్ను సాక్ష్యం చెప్పమని వీడియో కాల్ కలిపి ఫోన్ చేతికిచ్చాడు. ఇక్కడ తాగేనీళ్ళు క్యాన్లలో కొనుక్కోవాల్సిందేనమ్మా అని నాకొచ్చిన హిందీలో చెప్పాను. ఆమె నన్ను కాసేపు పరీక్షగా చూసింది.

"మీరు కూడా కొనుక్కునే తాగుతారా?"

"రోజూ తాగుతానమ్మా."

"ఇద్దరూ కలిసేనా?" అని ఫోన్ పెట్టేసింది.

తేజ్ ఫోన్ జేబులో పెట్టుకుని నా ప్లేటు తీశాడు. "ఇగ చెప్తే నమ్మేటట్టు లేదు సార్. వచ్చే నెల ఆమెనే తీసుకొస్తా. నీళ్ళు ఆమెనే కొననీ."

ఇద్దరుంటే నీళ్ళ ఖర్చు ఇంకా పెరుగుతుంది కదా అన్నాను.

"పెరుగుతది" అన్నాడు, సంతోషంగానే.