ఎముక బాగుందన్యారు, మోకాలు నిలవలా

రాయి అమ్మీ, నా మనవరాలివి కదా, జేజి చెప్పింది చెప్పినట్టే రాయి. మాటలు దిద్దాకు.

ఆ పొద్దు పాలు పిండి లేస్తాంటి. ఈగ కుట్టిందో ఏమో, మా ఎనుము, అదే మా బర్రె, గిర్రున తిరిగి నా మోకాలికి బయటి పక్కనుంచి గుద్దె. కాలేమో పేడలో దిగబడి ఉండాది. మోకాలు లోపలికి ఒంగి టప్‌మనె. చెంబులో పాలు మాత్రం ఒలకనియ్యలా, అది కూడా రాయి.

జమ్మలమడుగులో ఎక్స్‌రే తీసి, "ఎముక బాగుంది. వాపు తగ్గినాక మళ్లీ చూపించు" అనిరి. నేను మొదటి మాటే విన్యా. వాపు తగ్గుతానే పోయి ఎనుము కింద కూర్చుంటి. లేసి పక్కకు తిరిగితే మోకాలు జారిపాయ. ఈసారి పాలూ పాయ, నేనూ పడితి.

మీ జేజినాయన ప్రొద్దుటూరుకు తీసకపాయ. ఎమ్మారై చూసి డాక్టరు చెప్పె: "అవ్వా, ఎముకలను పట్టి నిలబెట్టేవి లిగమెంట్లు. లోపల ఏసీఎల్, పీసీఎల్ కత్తెర మాదిరి ఉంటాయి, కాలెముకను ముందుకూ వెనక్కూ జారనీవు. పక్కల ఎంసీఎల్, ఎల్‌సీఎల్, అవి పక్కలకు వాలనీవు."

"పలుపుల మాదిరా సామీ?"

"అదే. నీకు లోపలి పక్కది, ఎంసీఎల్, సగం తెగింది. ఆపరేషన్ అక్కర్లేదు. మోకాలికి బ్రేస్ పట్టీ ఏసుకో. కింద కూర్చోవద్దు."

మరి నా ఎనుము? నా చెయ్యి తప్ప ఇంకొకరిని రానీదు. మీ జేజినాయన "అమ్మేద్దాం" అన్యాడు. మోకాలి కంటే ఆ మాటే ఎక్కువ నొప్పి. ఏడ్సి పండుకుంటి.

తెల్లారి చూస్తే, నా పాత చీర చుట్టుకోని, కొంగు ముసుగేసుకోని ఎనుము కింద కూర్చోనుండాడు. "కదలాకు మే, నేనే" అంటాండాడు దానితో. ఆ గొంతు వింటానే అది తన్నె!

"మామా, మాట్లాడకుండా పిండు. నాకంత గొంతు యాడిది?" అంటి. నోరు మూసినాక ఎనుము చేపి పాలిచ్చె. నవ్వి నవ్వి నాకు కండ్లలో నీళ్లు.

ఫిజియోథెరపీ చేయించింది పులివెందల పిల్ల. మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి అదమమనేది. నొప్పికి తిట్టేదాన్ని. "తిట్టు జేజీ, అదుముతా తిట్టు. తొడ కండ గట్టిపడితే లిగమెంటుకు ఆసరా" అనేది.

ఇప్పుడు స్టూలేసుకోని నేనే పిండుతాండా. కాలు ఆన్చి మెలిపెట్టను, పాదాలు మార్చుకుంటా తిరుగుతా. ఎనుమును అమ్మే మాట మళ్లీ ఎత్తలా మీ జేజినాయన.

సదివేటోళ్లకు ఇది రాయి: ఎక్స్‌రేలో లిగమెంటు కనపడదంట. ఎముక బాగుందనిరి కదా అని ఊరకుండాకండి. మోకాలు జారినట్టుంటే, వాపు తగ్గినా సరే, మళ్లీ పోయి చూపించుకోండి.