వంతెన మీద ముల్లెంత?

మా తాతయ్య ఉమామహేశ్వరానికి డెబ్బై రెండేళ్ళు. యానాంలో ఫరంపేట వెళ్ళే దారి పక్కన ఆయన లారీ షెడ్డు ఉంది. షెడ్డు అంటే నాలుగు ఇనప స్తంభాలు, పైన రేకులు, కింద నలభై ఏళ్ళుగా ఇంజనాయిలు తాగి నల్లబడిన నేల. ఒకప్పుడు అక్కడ లారీలు వరసగా నిలబడి ఉండేవట. తాతయ్య చెప్పినప్పుడల్లా ఆ లారీల సంఖ్య పెరుగుతుంది. నా చిన్నప్పుడు ఐదు, నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసేనాటికి ఎనిమిది, ఇప్పుడు పన్నెండు.

ఈమధ్య వచ్చేది మాత్రం ఒక్కటే. కొత్త బళ్ళకి జబ్బు చేస్తే కంప్యూటరు తగిలించి చూడాలి కాబట్టి అవన్నీ కంపెనీ షెడ్లకే పోతాయి. తాతయ్య రోజూ ఎనిమిదింటికి వెళ్ళి, స్పానర్లన్నీ గుడ్డతో తుడిచి, సైజు ప్రకారం పేర్చి, కుర్చీ వేసుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చుంటాడు. మధ్యాహ్నం నేను క్యారేజీ పట్టుకెళ్ళేసరికి ఆ స్పానర్లు ఇంకా తళతళలాడుతూ ఉంటాయి.

"ఇయ్యాల ఎన్ని బళ్ళొచ్చాయి తాతా?" అని అడుగుతాను, తెలిసే.

"రెండొచ్చాయే. ఒకటి గాలెక్కడ కొడతారని అడిగింది. ఇంకోటి వెనక్కి తిప్పుకోడానికొచ్చింది."

మామ్మ పోయాక ఆయన పరాచికాలకి నేనొక్కదాన్నే మిగిలాను. నేను కూడా క్యారేజీ ఖాళీ అయ్యేదాకే ఉంటాను.

ఆ ఒక్క లారీ లూయిస్‌ది. లూయిస్ రోజూ పొద్దున్నే ఐసు దిమ్మలు వేసుకుని, గోదావరి మీద వంతెన దాటి, ఎదుర్లంక అవతలి రొయ్యల చెరువులకి వెళ్తాడు. సాయంత్రం రొయ్యలతో తిరిగొస్తాడు. పోయిన వేసవిలో అతని బండికి వంతెన ఎక్కేటప్పుడు ఆయాసం పట్టుకుంది. నల్లటి పొగ కక్కేది, ఇంజను వేడెక్కిపోయేది.

"టర్బో పోయిందన్నారండి. కొత్తది ఏసెయ్యమంటన్నారు," అన్నాడు లూయిస్.

"ఎవరన్నారు?"

"అందరూనండి."

"అందరూ టర్బోలో దూరి చూశారేంట్రా? ముందు కొలుద్దాం, ఆగు."

టర్బో అంటే ఏమిటో తాతయ్య నాకు వంద సార్లు చెప్పాడు. ఒకే ఇరుసుకి రెండు రెక్కల చక్రాలు. ఇంజను వదిలే పొగ ఒక చక్రాన్ని తిప్పితే, రెండోది బయటి గాలిని ఇంజనులోకి తోస్తుంది. గాలి ఎంత బలంగా వెళ్తోందో చూపించే మీటరు లూయిస్ బండిలో ముందునుంచీ ఉంది. టర్బోని తిప్పే పొగ ఎంత బలంగా తోస్తోందో చూపించే మీటరు మాత్రం లేదు. "రెండూ దగ్గరదగ్గరగా ఉండాలి. పొగ బలం గాలికంటే మరీ పెరిగిపోయిందంటే ఇంజను గొంతు నులిమేసుకుంటున్నట్టే" అంటాడు తాతయ్య. ఆ రెండో మీటరు పెట్టే పని ఎత్తుకున్నాడు.

ఆ రోజు ఆయన్ని చూడాలి. కళ్ళలో ఇనప రజను పడకుండా మామ్మ పాత కళ్ళజోడు పెట్టుకున్నాడు. అచ్చం మామ్మలాగే ఉన్నాడు, మీసం తప్ప. ఆ మాటే అన్నాను. "నోర్మూసుకుని లైటు చూపించవే" అన్నాడు.

ఇంజను నుంచి పొగ బయటికొచ్చే పోత ఇనుము గొట్టానికి, టర్బో కంటే ముందు, చిటికెన వేలు సగం దూరేంత చిల్లు పెట్టాలి. రజను లోపల పడి టర్బోలోకి వెళ్తే రెక్కలు పాడైపోతాయి. అందుకని డ్రిల్లు మొనకి గ్రీజు పూసి, కాస్త తొలిచి, గ్రీజుకి అంటుకున్న రజను తుడిచి, మళ్ళీ పూసి, మళ్ళీ తొలిచాడు. ఇంకో వెంట్రుకవాసి ఉందనగా ఇంజను స్టార్టు చెయ్యమన్నాడు. చిల్లు పడగానే లోపలి పొగ మిగిలిన రజనునంతా బయటికి ఊదేసింది, తాతయ్య ముఖం మీదకి. బొగ్గు బస్తాలోంచి లేచినవాడిలా తుమ్ముతూ నవ్వాడు. ఆయన అలా నవ్వి ఎన్నాళ్ళయిందో నాకు గుర్తు రాలేదు.

చిల్లు లోపల మర కోసి, గొట్టం తగిలించే నిప్పిల్ బిగించాడు. పొగ వేడికి ప్లాస్టిక్ గొట్టం కరిగిపోతుంది కాబట్టి సన్నటి స్టీలు గొట్టం తెచ్చి, వేడి దారిలోనే చల్లారేలా జంతిక చుట్టలా ఐదు చుట్లు చుట్టి, దాన్ని స్టీరింగు ముందున్న మీటరుదాకా లాక్కెళ్ళాడు.

ఐసు లోడుతో ముగ్గురం వంతెన ఎక్కాం. గాలి ముల్లు పన్నెండు పౌండ్ల దగ్గర ఆగిపోయింది. పొగ ముల్లు ముప్పై ఆరుకి ఎగబాకింది.

"చూశావా? పొగ తోత్తానే ఉంది, పోడానికి దారిలేదు. టర్బో సంగతి తర్వాత. దాని కిందున్న ఎగ్జాస్ట్ బ్రేకు విప్పుదాం పద," అన్నాడు తాతయ్య.

విప్పితే, పొగని ఆపి బండిని నెమ్మదించడానికి గొట్టంలో మూసుకుని తెరుచుకోవాల్సిన రేకు ఉప్పుగాలికి తుప్పు పట్టి సగంలో ఇరుక్కుపోయి ఉంది. దాన్ని గీకి, ఆయిలు పెట్టి, ఆడేలా చేశాడు. మర్నాడు వంతెన మీద గాలి ఇరవై, పొగ ఇరవై మూడు. లూయిస్ సంతోషం పట్టలేక ఆయన చేతులు పట్టుకున్నాడు.

అప్పుడు తాతయ్య ఒక మాట అన్నాడు. "కొత్త మీటరు కదరా, సర్దుకోడానికి టైం పడుతుంది. రోజూ వంతెన మీద ముల్లెంత ఉందో ఫోన్ చేసి చెప్పు."

"ఎన్నాళ్ళండి?"

"నేను చాలనేదాకా."

సర్దుకోడానికి మీటరేమైనా కొత్త కోడలా? నేను తాతయ్య వైపు చూశాను. ఆయన స్పానర్లు తుడవడం మొదలుపెట్టాడు, అప్పటికే రెండుసార్లు తుడిచినవాటిని.

ఆ మర్నాటినుంచి రోజూ తొమ్మిదిన్నరకి ఫోను. ముల్లు సంగతి అరనిమిషంలో అయిపోయేది. తర్వాత లూయిస్ భార్య ఫిలోమినా మోకాలి నొప్పి, పిల్లల చదువు, ఏ చెరువుకి తెగులొచ్చింది, ఎదుర్లంకలో వాన పడిందా లేదా, అన్నీ వచ్చేవి. తాతయ్య ఆ ఫోను కోసం ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు. "ఫోనులో చొక్కా కనపడదు తాతా" అంటే, "నాకు కనపడుద్ది కదే" అన్నాడు.

శ్రావణంలో ఒక పొద్దున వాన పడుతోంది. గొడుగు ఇచ్చి రమ్మని అమ్మ పంపితే షెడ్డుకి వెళ్ళాను. ఫోను మోగింది. సరిగా వినపడదని తాతయ్య స్పీకరులో పెట్టుకుంటాడు.

"గాలి పంతొమ్మిదండి, పొగ ఇరవై..."

హారను. కీచుమని బ్రేకు. ఎవరో ఆడమనిషి అరుపు: "కళ్ళు నెత్తికెక్కాయేట్రా!" తర్వాత వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"లూయిసూ! ఒరేయ్ లూయిసూ!"

కాసేపటికి గొంతు వచ్చింది. "ఏం కాలేదండి. చేపల బుట్టలేసుకుని మోపెడ్ మీద ఒకావిడండి. జానెడు దూరంలో ఆగింది బండి. మీటరు కేసి చూత్తా, ఆవిణ్ణి చూసుకోలేదండి."

తాతయ్య కుర్చీలోంచి లేచాడు. "నువ్వు ముందు వంతెన దిగు. బండి పక్కన పెట్టి, అప్పుడు ఫోన్ చెయ్యి."

పది నిమిషాలకి ఫోను వచ్చింది.

"ఒరేయ్, ఆ మీటరు సర్దుకునేదేం లేదు. మొదటిరోజే బాగుంది. ఊరికే చెయ్యమన్నాను."

"ఊరికేనా? ఎందుకండి మరి?"

రేకుల మీద వాన పడుతూనే ఉంది. తాతయ్య నా వైపు చూడలేదు.

"ఏం తోచక," అన్నాడు.

లూయిస్ మెల్లిగా, "సాయంత్రం షెడ్డు దగ్గర ఆగుతానండి, మాట్టాడుకుందాం" అన్నాడు.

"రొయ్యల లోడుతో ఎక్కడాగుతావురా? ఐసు నీ కోసం ఆగదు. ఇకనించి స్టీరింగు దగ్గర ఫోను ముట్టుకోకు. పొగ ముల్లు ముప్పై దాటితే బండి తీసుకురా. దాటకపోతే నాతో పనిలేదు."

ఫోను పెట్టేశాక, ఆయన ముఖం చూడలేక, "నలభై రోజులు అబద్ధమాడావన్నమాట" అన్నాను.

"నలభై మూడు," అన్నాడు.

మర్నాడు తొమ్మిదిన్నరకి అమ్మ ఫోను దొంగిలించి తాతయ్యకి కొట్టాను. గొంతు మార్చి, గాలి ఇరవై, పొగ ఇరవై మూడు అని చెప్పి తిట్లు తిందామని. స్విచ్చాఫ్ అని వచ్చింది. ఆ మర్నాడూ అంతే. పదింటికి కొడితే మాత్రం మోగింది.

క్యారేజీ ఇస్తూ, "తొమ్మిదిన్నరకి ఫోనెందుకు ఆపేత్తన్నావు తాతా?" అని అడిగాను.

"ఛార్జింగుండట్లేదే."

తీసి చూశాను. ఎనభై ఏడు శాతం ఉంది. అన్నం వడ్డించి, ఆయన తినేదాకా, ఆ తర్వాత ఇంకాసేపు కూడా కూర్చున్నాను.

ఇది జరిగి మూడు నెలలైంది. లూయిస్ రాలేదు. పొగ ముల్లు ముప్పై దాటి ఉండదు. మా తాతయ్య పని అంత బాగా చేస్తాడు మరి.