ట్రే పట్టుకున్న ఆమెను ఎవరూ అడగలేదు

సరూర్‌నగర్‌లో నేను కిరాయికుంటున్న ఇంటి యజమానురాలు ఒకప్పుడు నల్లగొండ జిల్లాలోని మా గడీలో వంట చేసిన మనిషే. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు. మర్యాదస్థులం కనుక ఆ మాట ఎత్తము. నన్ను ఇంకా దొరా అనే పిలుస్తుంది, మోటరు ఎక్కువసేపు వేశానని మందలించడానికి వచ్చినప్పుడు కూడా.

ఆ ఇంట్లో నాకు మిగిలిన హోదా నా ఇంగ్లీషు ఒక్కటే. బోర్డింగు స్కూలు చదువు. ఆమె మనవరాలికి దిల్‌సుఖ్‌నగర్‌ కాలేజీలో ఒక పాత అమెరికన్ టీవీ డాక్యుమెంటరీ మీద రాసుకురమ్మన్నారట. ఆ యాస అంతుపట్టక నన్ను కిందికి పిలిచింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని దిగాను.

నలుపు తెలుపు బొమ్మ. అక్కడి దక్షిణాది నగరమేదో. హోటళ్లలో తెల్లవాళ్ల పక్కన కూర్చునే హక్కు కోసం నల్లజాతివారు ఊరేగింపు తీస్తున్నారు. తర్వాత పెద్ద స్తంభాల ఇల్లు, వరండాలో ఒక ముసలాయన. పైకప్పు పెచ్చులూడుతోంది, ఆయన నడుము మాత్రం నిటారుగా ఉంది. వెంటనే నచ్చాడు. వెనక నల్లజాతి వంటమనిషి ట్రే పట్టుకుని నిలబడి ఉంది.

"ఏమంటుండు అంకుల్?" పెన్ను తీసింది పిల్ల.

ఆయన మాట నాకు స్పష్టంగా అర్థమైంది. మా నాన్న నోట ఎన్నోసార్లు విన్నదే. తప్పు చెబితే నా ఇంగ్లీషు పరువు పోతుంది. సరిగ్గా చెబితే మిగతాది పోతుంది.

"వాతావరణం గురించి" అన్నాను.

పిల్ల వీడియో వెనక్కి జరిపి మళ్లీ పెట్టింది. "ఇంతసేపు వాతావరణమేనా అంకుల్?"

ఇక తప్పలేదు. "మా పనివాళ్లకు ఏ లోటూ లేదు, ఇంటి మనుషుల్లాగే చూసుకుంటాం అంటున్నాడు."

పక్కన చిక్కుడుకాయలు తుంచుతున్న పెద్దామె తలెత్తింది. "మరి గా ట్రే వట్టుకున్నామె ఏమంటుంది?"

"ఆమెను అడగనే లేదు నానమ్మా."

"ఎందుకడుగుతరు తియ్యి." కాసేపు తుంచి, నా వైపు తిరిగింది. "దొరా, మా ఇంట్ల మీకేమన్న లోటున్నదా?"

"ఏం లేదు."

"ఇంటి మనుషుల లెక్కనే జూస్కుంటున్నం గద."

పిల్ల నవ్వు ఆపుకుంటూ కాగితం మీదికి వంగింది. నేను గొంతు సవరించుకున్నాను.

"ఇది కూడా రాసుకో. ఆ వంటమనిషిని అడిగినా, ఏ లోటూ లేదనే చెప్పేది."

"ఎందుకంకుల్?"

"ఉండాల్సింది ఆ ఇంట్లోనే కదా" అన్నాను.