కూర్చున్న కారు

ఆ పళ్ళ డాక్టరుగారికి తాగుడు లేదు, పేకాట లేదు, ఒకరి సంగతి ఇంకొకరి దగ్గర మోసే అలవాటు అంతకన్నా లేదు. ఉన్నదల్లా ఒక్కటే పిచ్చి. హైవే ఎక్కారంటే కారుని నేలకి దించి నడుపుతారు.

దించడమంటే గుంటలోకి కాదు. ఆయన కొన్నది ఏనుగంత కారు, ఎవరో వాడి వదిలించుకున్నది. దానికి చక్రాల దగ్గర ఇనప స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు తిత్తులుంటాయి. మీట పైకి నొక్కితే తిత్తులు ఉబ్బి కారు లేచి నిలబడుతుంది. కిందికి నొక్కితే ఉస్సురంటూ కూర్చుంటుంది. అంత ఎత్తు కారు కొన్న మనిషి అందరి నెత్తిమీంచి దర్జాగా చూసుకుంటూ పోవాలా వద్దా? ఈయన మాత్రం పొట్ట రోడ్డుకి రాసుకుంటుందేమోనన్నట్టు పాక్కుంటూ పోతారు.

"ఎందుకండీ అలా?" అని అడిగినవాడి పని అయిందే.

"కారు కిందనుంచి గాలి దూరుతుందండీ. దూరిన గాలి ఊరుకుంటుందా, బండిని పట్టి వెనక్కి లాగుతుంది. మనం కిందికి దిగామనుకోండి, దానికి దారుండదు. పెట్రోలు మిగులుతుంది, బండి ఊగదు, ఇంకోటేమిటంటే..."

ఆ ఇంకోటి విన్నవాళ్ళు లేరు. అప్పటికే జారుకునేవారు.

జారుకోలేనివాళ్ళు ఆయన కుర్చీలో పడుకున్న రోగులు. ఇంటి ముందుగదే ఆసుపత్రి. డాక్టరుగారు కాలితో మీట తొక్కి, ఒక్కొక్కరికి ఒక్కో ఎత్తులో కుర్చీ అమర్చి, నోరు తెరవమని గాలి కథ మొదలుపెడతారు. నోరు తెరిచినవాడు "ఆపండి మహానుభావా" అనలేడు కదా! గాలి ముందునుంచి దూరిందా వెనకనుంచి దూరిందా అని వాడు తికమకపడుతుండగానే పన్ను పళ్ళెంలో టింగుమని పడుతుంది.

"అయిపోయిందా డాక్టరుగారూ?"

"ఎప్పుడో!"

ఈ గాలి కథకి లొంగని మనిషి ఒక్కరే, ఆయన అత్తగారు. ఆవిడకి చదువు అక్షరాల దగ్గరే ఆగింది గానీ నోరు మాత్రం ఎక్కడా ఆగలేదు. మోకాళ్ళు బిగుసుకుపోయినా, "ఇంతవరకు ఒకరి చెయ్యి పట్టుకుని కారెక్కిన మనిషిని కాను, దిగిన మనిషిని కాను" అని చెప్పుకోవడం ఆవిడకి భోజనంతో సమానం. హైవే అవతల ఊళ్ళో ఆవిడ చెల్లెలుంది. చూపు మందగించి ఆ చెల్లెలు గడప దాటలేదు. అందుకని నెలనెలా ఈవిడే వెళ్ళి, కడుపునిండా పోట్లాడి, తృప్తిగా తిరిగొస్తుంది. తీసుకెళ్ళేది అల్లుడుగారే.

దారిలో కనిపించిన ప్రతివాడిదీ ఒకటే కేక.

"సార్, టైర్లో గాలి పోయింది!" లారీవాడు.

"పోలేదు బాబూ, దించాను!"

"అంకుల్, బండి కూర్చుండిపోయింది!" మోటారుసైకిలు కుర్రాడు.

"కూర్చోబెట్టానయ్యా! ఎందుకంటే, కిందనుంచి గాలి..."

కుర్రాడు అప్పటికే చుక్కయిపోయేవాడు. స్పీడు బ్రేకరొస్తే కారు లేచి నిలబడేది, దాటగానే మళ్ళీ కూర్చునేది. ఆ కూర్చోవడాలూ లేవడాలూ అయ్యేదాకా వెనక బస్సు హారను మోత మోగించేది.

"అల్లుడుగారూ, ఇంత డబ్బు పోసి ఎత్తు కారు కొన్నది పాకడానికా?"

"గాలి, అత్తయ్యగారూ..."

"గాలికేం గానీ ఆ టీకొట్టు దగ్గర ఆపండి."

ఆపడం ఆయన వంతు. ఆగిందో లేదో చూడకుండా తలుపు తీసి కాలు కింద పెట్టడం ఆవిడ వంతు. దిగి, సంచీ భుజానికి తగిలించుకుని, "చూశారా, ఎవరి చెయ్యీ పట్టుకోలేదు" అని టీకొట్టువాడికి కూడా వినిపించేది.

ఒకరోజు పొద్దున్నే చూస్తే కారు ఒక మూల కుంగిపోయి, నిజంగానే కూర్చుని ఉంది. తిత్తి చిరిగింది. మెకానిక్ వచ్చి లాక్కుపోయాడు.

"ఇంక చాలు. ఆ కారు అమ్మేద్దాం" అంది డాక్టరుగారి భార్య.

"అమ్మెయ్యవే. అమ్మి, మనిషిలా నిలబడే కారు కొనండి" అంది అత్తగారు.

డాక్టరుగారు మెడ గోక్కుని ఆసుపత్రి గదిలోకి వెళ్ళిపోయారు.

చెల్లెలి దగ్గరికెళ్ళే రోజొచ్చింది. అద్దెకారొకటి పిలిపించారు. అదీ ఎత్తు కారే, నిటారుగా నిలబడిన కారు. అత్తగారు తలుపు తీసి కాలెత్తింది. కాలు అందలేదు. రెండో కాలు ఎత్తింది. అదీ ఆ కాలికి తోడబుట్టిందే. ఎదురింటి మేడమీద బట్టలారేసే ఆవిడ ఆరెయ్యడం మాని చూస్తోంది.

"మామ్మగారూ, ఎత్తమంటారా?" అన్నాడు డ్రైవరు మంచిగానే. అంటూ ఒక రంగు డబ్బా తెచ్చి బోర్లించాడు కూడా.

అత్తగారు ఆ డబ్బా వైపు చూసిన చూపుకి దాని రంగు ఊడిపోవాల్సింది. "నాకు తల తిరుగుతోంది. ఇవాళ రాను" అని లోపలికెళ్ళి చెల్లెలికి ఫోను చేసింది.

"రాకపోతే ఎలాగే అక్కా? ఇక్కడ నన్ను తిట్టేదెవరు?" అంది చెల్లెలు.

"ఫోన్లో తిడతాలే."

"ఫోన్లో ఏం రుచే?"

ఆ మాటతో అత్తగారికి మధ్యాహ్నం అన్నం సయించలేదు. ఎవరో ఎత్తి కూలేస్తే కూర్చునే బతుకు ఆవిడకొద్దు. చెల్లెల్ని చూడకుండా ఉండడమూ ఆవిడ వల్ల కాదు. పోనీ చిన్న కారులో వెళ్దామా అంటే, వెనకటి చిన్న కారు గుర్తొచ్చింది. అందులో కూలబడ్డం సులువే, లేవడమే గండం. ఆఖరిసారి చెల్లెలింటి ముందు "రేడియోలో పాట అవనీ" అని అందరూ లోపలికెళ్ళేదాకా కూర్చుని, తలుపు పట్టుకుని తంటాలుపడి లేచింది. ఆ తర్వాతే అల్లుడుగారు అది అమ్మేసి ఈ ఏనుగుని తెచ్చారు. అవును కదూ, ఆ తర్వాతే!

కారు బాగుపడి వచ్చింది. వాకిట్లో నిలువెత్తున నిలబడి ఉంది. అత్తగారు రావడం చూసి డాక్టరుగారు మీట వైపు పరుగెత్తారు.

"ఉండండి, దించకండి." ఆవిడ తలుపు తీసి పక్కన నిలబడి చూసుకుంది. సీటు నడుము దాటి ఉంది. "ఇదా దీని అసలు ఎత్తు?"

"అంటే... గాలి, అత్తయ్యగారూ..."

"కదలని కారుకి గాలేమిటి?"

"అదే చెప్తున్నా. బండి నిలబడి ఉన్నప్పుడు కిందనుంచి గాలి ఏం చేస్తుందంటే..."

"అల్లుడుగారూ, ఇప్పుడు నా పన్నేమైనా పీకుతున్నారా?"

డాక్టరుగారు నేల చూపులు చూస్తూ అన్నారు: "చిన్న కారులోంచి లేవలేరు, పెద్ద కారులోకి ఎక్కలేరు. ఇది దించితే సరిగ్గా మీ కుర్చీ ఎత్తుకొస్తుంది."

"ఆగాక దించుకోవచ్చుగా? దారి పొడుగునా పాకడమెందుకు?"

"బండి కిందికి దిగడానికి కాస్త టైము పడుతుందండీ. మధ్యలో తలుపు తీస్తే బండి దిగడం అక్కడే ఆగిపోతుంది. మీరేమో..."

"ఆఁ, నేనేమో?"

"బండికంటే ముందు దిగుతారు."

అత్తగారు సీటుమీద చెయ్యి వేసి దాని ఎత్తు ఇంకోసారి చూసుకుంది.

"గాలి కూడా నిజమేనండీ, కొంచెం" అన్నారు డాక్టరుగారు.

"మీట నొక్కండి" అంది ఆవిడ. కారు ఉస్సురంటూ కూర్చుంది. ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి కూర్చుని, గుమ్మంలో ఉన్న కూతురికి వినిపించేలా అంది: "అమ్మడం గిమ్మడం అన్నావంటే ఊరుకోను. గాలి ఎంత మిగులుతోందో నీకేం తెలుసే?"

ఆ రోజే చెల్లెలి దగ్గరికి బయల్దేరారు. హైవే మీద ఒక లారీ పక్కకొచ్చింది. "సార్, టైర్లో గాలి..."

డాక్టరుగారు నోరు తెరిచేలోపలే వెనక అద్దం దిగింది. "పోలేదు! మేమే దించాం! కిందనుంచి గాలి దూరుతుంది, ఆమాత్రం తెలీదటయ్యా?"

లారీవాడు హడలిపోయి వెనకబడ్డాడు. డాక్టరుగారు జన్మలో మొదటిసారి హైవే మీద నోరు మూసుకుని, నవ్వాపుకుంటూ కారు నడిపారు.

టీకొట్టు దగ్గర కారు ఆగింది. వెనక తలుపు తెరుచుకోలేదు. డాక్టరుగారు కంగారుగా తిరిగి చూశారు. అత్తగారు సంచీ ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చుని ఉంది.

"బండి దిగిందా అల్లుడుగారూ?"

"ఎప్పుడో, అత్తయ్యగారూ!"